గుమ్మపాలు

హైదరాబాద్‌లోని ఆ పెద్ద దవాఖానలో రోగి వెంట ఒక్కరినే లోపలికి రానిస్తారు. ఆ ఒక్కరికి నీలం తాడు కట్టిన పాసు ఒకటి ఇస్తారు, అది మెడలో వేసుకుని తిరగాలి. మిగతావాళ్లంతా గేటు పక్కన రేకుల షెడ్డు కింద కూర్చోవాలి. మొదటిరోజు నాకు ఈ సంగతి తెలియదు. నా తమ్ముడు నర్సింహను కీమో కోసం చేర్చుకుంటున్నప్పుడు కౌంటర్లో అతను తలెత్తకుండా, పేషెంటు వెంట ఎవరుంటారని అడిగాడు. నేనుంటానన్నాను. నా భుజం వెనక నుంచి స్నేహలత కూడా సరిగ్గా అదే మాట అంది. స్నేహలత నర్సింహ భార్య, నాకు మరదలు.

అతను అప్పుడు తలెత్తాడు. ఇట్లాంటివి రోజూ చూస్తాడు కాబోలు, మాతో వాదన పెట్టుకోకుండా రోగినే అడిగాడు. నర్సింహ మెడ మీది గడ్డను తువ్వాలతో కప్పుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"ఆమె ఉంటది" అన్నాడు.

పాసు లత మెడలో పడింది. నేను సంచీలు పట్టుకుని షెడ్డు కిందికి పోయాను. ఇది మొన్న శ్రావణంలో మాట. ఇప్పుడు పుష్యం నడుస్తోంది. ఆ రెండు మాటలు తలుచుకుంటే ఈరోజుకూ నా కడుపులో మండుతుంది.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. మాది కట్టంగూర్ దగ్గర ఊరు. నా పేరు గోపమ్మ. ఇరవై రెండేళ్ల నుంచి అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నాను. గర్భిణులకు గుడ్లు, పాలు ఇచ్చి, ఏం తినాలో ఏం తినకూడదో గోడ మీది బొమ్మలు చూపించి చెప్పడం నా పని. ఊళ్లో నన్ను అందరూ పద్ధతి గల మనిషి అంటారు. ఆ పద్ధతి వెనక ఎంత కుళ్లు ఉందో వాళ్లకు తెలియదు, నా తమ్ముడికి జబ్బు చేసేదాకా నాకూ తెలియదు.

నర్సింహ నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. వాడికి ఎనిమిదో నెల నడుస్తుండగా మా అమ్మ కామెర్లతో పోయింది. డబ్బా పాలు పడితే కక్కేవాడు, బర్రెపాలు పడితే విరేచనాలు. వారం రోజుల్లో కళ్లు గుంటలు పడ్డాయి. మా నాయిన గుర్వయ్య మంద వదిలి ఇంటికి వచ్చి, అప్పుడే ఈనిన ఒక నల్లమేకను గుంజకు కట్టేశాడు. నేను తమ్ముణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, మేక చన్ను వాడి నోటి దగ్గర పట్టి పిండాను. వాడు గుటక వేశాడు. మా గొల్ల ఇళ్లల్లో తల్లి లేని బిడ్డను ఇట్లా సాకడం వింతేమీ కాదు. కాచని, చల్లారని, పొదుగు నుంచి నేరుగా వచ్చే ఆ గుమ్మపాలే వాణ్ని బతికించాయి. కొన్నాళ్లకు వాడి ఏడుపు వినిపిస్తే ఆ మేకే వచ్చి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేది. నేను బడి మానేసి మూడేళ్లు వాణ్ని చంకనేసుకుని తిరిగాను. పదో తరగతి పరీక్ష చాలా ఏళ్ల తర్వాత ప్రైవేటుగా కట్టి పాసయ్యాను.

వాడికి సంబంధం చూసింది కూడా నేనే. షాద్‌నగర్ దగ్గర కంపెనీలో వాడికి పని దొరికింది, ఆ పక్క పిల్లైతే బాగుంటుందని చూశాను. స్నేహలత డిగ్రీ చదివింది, మాట తక్కువ. మాట తక్కువ కాబట్టే ఎంచుకున్నాను, నిజం చెప్పాలంటే. నా తమ్ముడి ఇంట్లో నా మాట చెల్లాలని నా ఆశ. పన్నెండేళ్లు చెల్లింది కూడా. పండక్కి ఏ చీర కొనాలో, పాప సుస్మితను ఏ బళ్లో వేయాలో నన్నే అడిగేవాళ్లు. జబ్బు వచ్చాక ఎవరూ నన్ను అడగడం లేదు.

మెడ మీది గడ్డ ముక్క తీసి పరీక్షకు పంపితే లింఫోమా అని తేలింది. ఆరు కీమోలు ఎక్కించాలి, మూడు వారాలకొకటి, తర్వాత స్కానింగు చూసి చెప్తామన్నారు. మధ్యలో ఆలస్యం కాకూడదని మరీమరీ చెప్పారు. ప్రతి కీమోకూ నేను సెలవు పెట్టుకుని, పొద్దున్నే హైవే మీద బస్సెక్కి, ఎల్బీ నగర్‌లో దిగి, ఇంకో బస్సు మారి దవాఖానకు పోయేదాన్ని. వాళ్లు షాద్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు. మూడు రోజులు వాడు లోపల, లత లోపల, నేను షెడ్డులో.

ఆ షెడ్డులో కూర్చుని నేను చేసిన పని ఒక్కటే, మా మరదలి మీద కుళ్లుకోవడం. ఆమె ఒక నోటుబుక్కు పెట్టింది. ఎన్నింటికి జ్వరం చూసిందో, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాడో, తెల్ల కణాల కౌంటు ఎంత ఉందో అన్నీ అందులో రాసేది. నర్సులు కూడా ఆ పుస్తకమే అడిగి చూసుకునేవాళ్లట. వాంతి వస్తే వాడు లత చెయ్యి పట్టుకునేవాడట. రెండో కీమో తర్వాత నేను షాద్‌నగర్ పోయినప్పుడు ఒకసారి నా ముందే వాంతి వచ్చింది. నేను గిన్నె తీసుకుని లేచేలోపే వాడు, "అక్కా, నువ్వు జర బయట కూసో" అన్నాడు. బయట కూర్చున్నాను. లోపల లత వాడి వీపు రుద్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

జుట్టు ఊడటం మొదలయ్యాక లతే మిషను తెప్పించి వాడికి గుండు చేసింది. ఫోటో నా ఫోనుకు పంపింది. ఇద్దరూ నవ్వుతున్నారు. వాడి పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, కదలకుండా తల పట్టుకున్నది నేను. ఆ ఫోటో చూసి రెండు పూటలు అన్నం తినలేదు. మా ఆయన గిరి ఏమైందని అడిగితే తమ్ముడి మీద బెంగ అని చెప్పాను. అది అబద్ధం కాదు, కానీ మొత్తం నిజమూ కాదు.

షెడ్డులో పక్కన కూర్చునే కొల్లాపూర్ ఆవిడ, మీ మరదలు బంగారం అంది ఒకరోజు. బంగారమే. నా బాధ కూడా అదే. ఆమె ఎక్కడైనా ఒక మందు మరిచిపోతుందా, ఎక్కడైనా విసుక్కుంటుందా అని నేను కాచుకుని కూర్చున్నాను. అప్పుడు పాసు నా మెడలోకి వస్తుందని. తమ్ముడికి ప్రాణం మీదికి వచ్చిన వేళ అతని భార్య తప్పు చేయాలని కోరుకున్న అక్కను నేను.

ఆమె తప్పు చేయలేదు. మూడో కీమో ముగిసి వాళ్లు ఇంటికి చేరిన మర్నాడే సుస్మితకు ఒంటినిండా అమ్మవారు పోసింది. వాడికి ఆ స్థితిలో అది తగిలితే ప్రమాదమని డాక్టర్లు వెంటనే ఇల్లు మార్చమన్నారు. లతకు చిన్నప్పుడే పోసిందట కాబట్టి తను పాప దగ్గర ఉండి, వాణ్ని పదిహేను రోజులు నా దగ్గర ఉంచుతానంది. ఫోనులో నాలుగుసార్లు జాగ్రత్త వదినె అంది. నాకు మాత్రం పండగలా ఉంది.

కారులో తనే తీసుకొచ్చి దింపింది. దింపి ఊరుకోలేదు. ఒక కాగితం తీసి నా ఇంట్లో, నా ముందే, గోడకు అతికించింది. నీళ్లు కాచి చల్లార్చినవే తాగాలి. పాలు బాగా పొంగించాలి. పచ్చి కూరలు, కోసి పెట్టిన పండ్లు వద్దు. జీవాల దొడ్డి వైపు పోవద్దు. రోజుకు మూడుసార్లు జ్వరం చూడాలి, నూటికి పైన పోతే గంట కూడా ఆగకుండా ఫోన్ చేయాలి, జ్వరం మాత్ర వేయకూడదు. ఈ మాటలన్నీ కాస్త అటూ ఇటుగా నేను ఇరవై రెండేళ్లుగా ఊరందరికీ చెప్పేవే. ఆమె నాకు చెబుతుంటే తలూపాను. వాణ్ని సాకినప్పుడు నాకు ఏ కాగితమూ ఎవరూ రాసివ్వలేదని మనసులో అనుకున్నాను.

నాలుగు రోజులు కాగితం ప్రకారమే చేశాను. నాలుగు రోజులూ వాడు తినలేదు. నోరంతా పొక్కింది, మెతుకు తగిలితే కళ్లల్లో నీళ్లు వచ్చేవి. మెత్తగా పప్పన్నం పిసికి పెట్టాను, పెరుగన్నం పెట్టాను, వాడికి చిన్నప్పుడు ఇష్టమైన జొన్న గటక చేశాను. రెండు ముద్దలు తిని పక్కన పెట్టేవాడు. రోజూ సాయంత్రం లత ఫోన్ చేసేది, అప్పుడు మాత్రం గొంతులోకి ఓపిక వచ్చేది. నాలుగో రోజు ఫోన్ పెట్టేశాక నన్ను పిలిచాడు.

"లతను అడుగు అక్కా, రాగి జావ ఎట్ల కాస్తదో. ఆమె కాసింది గొంతుల దిగుతది."

వాడికి అందులో చెడు ఉద్దేశమేమీ లేదు. ఆకలైన మనిషి అడిగిన మాట. నేను సరే అని వంటింట్లోకి పోయి, లతకు ఫోన్ చేయకుండా నిలబడ్డాను. వాణ్ని బతికించిన నా చేతికి ఇంకొకరి దగ్గర జావ కాచడం నేర్చుకోవాల్సిన గతి పట్టిందా అనిపించింది. కిటికీలోంచి చూస్తే వెనక దొడ్డిలో, మా దగ్గరే ఉంటున్న నాయిన మచ్చల పొడమేకకు ఆకు వేస్తున్నాడు. ఆ మేక ఈని పది రోజులైంది. దానికి పొదుగు నిండుగా ఉంది.

మర్నాడు పొద్దున్నే చెంబు తీసుకుని పోయి పాలు పిండుకొచ్చాను. నురగ ఇంకా దిగలేదు, చెంబు చేతికి వెచ్చగా తగులుతోంది. పొయ్యి మీద పెట్టలేదు. పెడితే అవి లత పాలు అవుతాయి, కాగితంలో రాసిన పాలు అవుతాయి. నేరుగా వాడి మంచం దగ్గరికి తీసుకుపోయాను.

వాసన చూడగానే వాడికి అర్థమైంది. "లత వద్దన్నది గదా అక్కా" అన్నాడు.

"లత పుట్టకముందు నుంచి తాగినవ్. అప్పుడేమన్న అయిందా?" అన్నాను.

రెండు చేతులతో చెంబు పట్టుకుని, మెల్లగా, ఆపకుండా తాగాడు. పొక్కిన నోటికి ఆ వెచ్చదనం హాయిగా ఉన్నట్టుంది. మీసాల్లేని పెదవి మీద నురగ తెల్లగా అంటుకుంది. ఈ రుచి మరిచేపోయానని నవ్వాడు. వాడికి జబ్బు చేశాక నన్ను చూసి వాడు నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. లతకు మాత్రం చెప్పకు అన్నాను.

"చెప్ప తియ్ అక్కా" అన్నాడు.

ఐదు పొద్దులు అట్లా ఇచ్చాను. ఐదు రోజులూ మా ఇద్దరి మధ్య ఒక దొంగతనం ఉందన్న సంబరంతో ఇల్లంతా తిరిగాను. లత ఫోన్ చేసి ఏం తాగాడని అడిగితే పాలు తాగాడని చెప్పేదాన్ని. అబద్ధం కాదు కదా. ఆ ఐదు రోజుల్లోనే ఒకనాడు అంగన్‌వాడీకి వచ్చిన గర్భిణికి పాలు మూడు పొంగులు రానివ్వమని చెప్పాను కూడా. నోటికి అట్లా అలవాటైపోయింది.

ఆరో రోజు మధ్యాహ్నం వాడికి చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగింది. థర్మామీటర్ పెడితే నూటొకటి దాటింది. గోడ మీది కాగితం నా ఎదురుగానే ఉంది. గంట కూడా ఆగవద్దని అందులో ఉంది. నేను జ్వరం మాత్ర వేశాను. మాత్రతో దిగిపోతే ఎవరికీ చెప్పనక్కర లేదు, వాణ్ని ఎవరూ తీసుకుపోరు. పాలు ఇచ్చింది మూర్ఖత్వం అనుకున్నా, ఆ మాత్ర వేయడం మూర్ఖత్వం కాదు. తెలిసే వేశాను. నాలుగు గంటలు ఆగాను. జ్వరం నూటమూడుకు పోయి, వాడు నన్ను అమ్మా అని పిలిచాక లతకు ఫోన్ చేశాను.

ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కారు మాట్లాడుకుని నేరుగా దవాఖానకు రమ్మంది. నేను ఏడుస్తుంటే, "ఏడువకు వదినె, కౌంట్ పడ్డప్పుడు గిట్ల అయితదని డాక్టర్లు ముందే చెప్పిన్రు. నీ తప్పేం లేదు" అంది.

మేం చేరేసరికి ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. సుస్మిత పొక్కులు ఎండిపోయాయని, పాపను తన తల్లికి అప్పజెప్పి వచ్చానని చెప్పింది. నర్సింహను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయారు. పాసు మళ్లీ ఆమె మెడలో పడింది. ఈసారి నేను నోరెత్తలేదు.

రెండు రోజులు గడిచినా జ్వరం దిగలేదు. మూడోరోజు మధ్యాహ్నం నేను తెచ్చిన అన్నం డబ్బా తీసుకోవడానికి లత షెడ్డుకు వచ్చింది. కళ్లు లోపలికి పోయాయి. నా పక్కన కూర్చుని, ఎక్కిస్తున్న మందు పని చేయడం లేదట అని చెప్పింది. ఏ పురుగు ఒంట్లో పడిందో తెలిస్తే దానికి తగ్గ మందు ఇవ్వొచ్చు, రక్తపరీక్షలో ఇంకా ఏమీ తేలలేదు, ఇట్లాగే ఉంటే చెయ్యి దాటిపోవచ్చని డాక్టర్ మనస్విని అన్నారట.

"మళ్లమళ్ల అడుగుతాంది వదినె, ఏం తిన్నడు, ఏం తాగిండు, పచ్చిపాలు గిట్ల తాగిండా అని. మా వదినె అంగన్‌వాడీ టీచర్, పచ్చిపాలు ఇంట్ల అడుగు పెట్టనియ్యదని చెప్పిన. ఆయనను గూడ అడిగిన్రు. లేదని తల ఊపిండు."

నేను సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాట వినగానే మొదట నాకు కలిగింది సంతోషం. నూటమూడు జ్వరంలో పడుకుని కూడా వాడు నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. పెళ్లానికి చెప్పని మాట ఒకటి నా కోసం దాచుకున్నాడు. శ్రావణం నుంచి నేను కోరుకున్నది అదే. ఆ సంతోషం గుటక వేసినంతసేపు ఉంది. తర్వాత, వాడు దాచుకున్నది దేన్నో నాకు తెలిసింది. వాడు నన్ను కాపాడుతూ చచ్చిపోతున్నాడు.

చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఇక ఆ ఇంట్లో నాకు జాగా ఉండదు. వాడి దగ్గర కూర్చోనివ్వరు, నా చేతి ముద్ద వాడి నోట్లో పెట్టనివ్వరు. ఊళ్లో తెలిస్తే నా మాట విని పాలు కాచుకునే ఆడవాళ్ల ముందు ఎట్లా నిలబడతాను? ఇవన్నీ ఆలోచించాను. తమ్ముడి ప్రాణం ఒక పక్కన ఉండగా ఇంకో పక్కన ఇవన్నీ పెట్టి తూచాను, అదీ నేను.

లత డబ్బా తీసుకుని లేచింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను.

"పచ్చిపాలు ఇచ్చిన లతా. నేనే ఇచ్చిన. నాయిన మేకవి, ఐదు దినాలు. వాడు అడగలే. నేనే తాగిపిచ్చిన. మాత్ర గూడ ఏసిన."

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చెంప మీద కొట్టినా పడేదాన్ని. ఆమె డబ్బాను బెంచీ మీద పెట్టింది. తలమీదుగా నీలం తాడు తీసింది. దాన్ని నా మెడలో వేసింది.

"నువ్వే పోయి చెప్పు. ఏ మేకనో, ఎప్పుడు ఈనిందో నాకేం తెలుసు. మూడో అంతస్తు" అంది.

అట్లా దక్కింది నాకు ఆ పాసు. లిఫ్టు దగ్గర మనిషి దాన్ని చూసి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఎందుకో నాకు లిఫ్టు ఎక్కాలనిపించలేదు, మెట్ల మీదుగా పోయాను. మూడో అంతస్తులో నర్సింహ మంచం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కుర్చీ మీద లత శాలువా, కిటికీలో ఆమె నోటుబుక్కు, దువ్వెన, చిన్న అద్దం. రెండు నెలలుగా నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్న చోటు అది. పడుకోవడానికి చాప కూడా లేదు. ఆ కుర్చీలో నేను కూర్చోలేకపోయాను.

డాక్టర్ మనస్విని నా మాటలన్నీ విన్నారు. ఆమె కూడా తిట్టలేదు. మందలో ఈ మధ్య ఏ మేకకైనా పిల్ల నిలవకుండా పోయిందా అని అడిగారు. అట్లా పిల్లను పోగొట్టే పురుగే పచ్చిపాల వెంట మనిషికీ వస్తుందట. రెండు మేకలకు నెలలు నిండకుండానే పోయాయని నాయిన అనడం నేను విన్నాను. ఆ మాట చెప్పగానే ఆమె నర్సును పిలిచి గబగబా ఏవో మందుల పేర్లు చెప్పారు, పరీక్షల వాళ్లకు ఫోన్ చేశారు. ముందే చెప్పి ఉంటే రెండు రోజులు కలిసి వచ్చేవని మాత్రం అన్నారు.

అంత అలికిడికి నర్సింహ కళ్లు తెరిచాడు. మంచం పక్కన లతకు బదులు నేను ఉన్నాను. నా మెడలో పాసు ఉంది. నేను ఏడుస్తున్నాను. ఎవరో బయటపెట్టారని, నేను దొరికిపోయానని వాడు అనుకున్నాడు. ఎండిన పెదాలు కూడదీసుకున్నాడు.

"నేను చెప్పలే అక్కా" అన్నాడు.

వాడి గుండు మీద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది.

కొత్త మందు పడ్డాక రెండో రోజుకు జ్వరం దిగడం మొదలైంది. పద్దెనిమిది రోజులు లోపలే ఉన్నాడు. నాలుగో కీమో నెల వెనక్కి పోయింది. ఆ నెల వల్ల ఏమవుతుందో స్కానింగులోనే తెలుస్తుందన్నారు. నేనిప్పుడు నిద్రలో కూడా ఆ నెలనే తలుచుకుంటున్నాను.

లత నన్ను ఈరోజుదాకా ఒక్క మాట అనలేదు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ వదినె అనే పిలుస్తుంది. కానీ వాణ్ని నా దగ్గర ఒంటరిగా వదలదు, నేను తెచ్చిన పండు కూడా వాడికి పెట్టదు. సంచీలు మాత్రం మోయనిస్తుంది. నాకు అందులో తప్పు కనిపించదు, కోపం మాత్రం వస్తుంది. రెండూ ఒకేసారి ఎట్లా వస్తాయో నాకు తెలియదు.

మొన్న ఐదో కీమోకు పోయాం. రక్తం రిపోర్టు తేవడానికి లత లైనులో నిలబడింది. వాడూ నేనూ బెంచీ మీద కూర్చున్నాం, మొదటిరోజు వాడు కూర్చున్న బెంచీయే. ఇన్నాళ్లూ అడగలేకపోయినది అడిగేశాను. ఆరోజు నన్ను కాదని ఆమె పేరెందుకు చెప్పావని. వాడు నా చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. వాడి గోళ్లు నల్లబడ్డాయి.

"నేను ఏడిస్తే నువ్వు ఓర్వలేవు అక్కా. చిన్నప్పటి సంది గంతే. ఏదడిగితే అది ఇస్తవు. లత ఇయ్యది. గందుకే ఆమె పేరు చెప్పిన."

ఆ పాలు నువ్వు అడగలేదు కదరా అని అనబోయి ఆగాను.

లత రిపోర్టు పట్టుకుని వచ్చింది. కౌంటు సరిపోయిందని చెప్పింది. కౌంటర్లో అతను ఎప్పటిలాగే తలెత్తకుండా వెంట ఎవరుంటారని అడిగాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

"ఆమె ఉంటది" అన్నాను.

వాళ్లు లోపలికి పోయేముందు నా సంచీలోంచి జావ డబ్బా తీసి లతకు ఇచ్చాను. పోయిన వారమే ఫోన్ చేసి, ఎట్లా కాచాలో ఆమెనే అడిగి రాసుకున్నాను. నీళ్లు కాచినవేనా వదినె అని అడిగింది. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగే మాటేనా అది? కాచినవే అన్నాను. ఆమె డబ్బా మూత తీసింది, వాసన చూసింది, ఒక చెంచా తీసుకుని ముందు తాను తాగింది. నా తమ్ముడికి నేను పెట్టేది ఆమె రుచి చూడటమేమిటని నాకు ఒళ్లంతా మండింది. మండుతున్న ఒంటితోనే, ఇంకో చెంచా కూడా తాగి చూడు లతా అన్నాను.